నలభై మూడు

పోటు తీశాకే కనపడతాయట.
"నీళ్లు దిగాలండి, బురద తేలాలండి,
పీతలు బొరియల్లోంచి తొంగిచూడాలండి, ఆయ్"
అంటూ పెమ్మాడి కాశులు ఇంజను ఆపి
చెవి మీంచి బీడీ తీశాడు.
గాడేరు మలుపులో, తిల్లచెట్ల నీడలో
పడవ తనంతట తానే కొంచెం కొంచెం పక్కకి జరుగుతోంది.

కాకినాడ నుంచి ఓ కుటుంబం కూడా ఎక్కింది.
పిల్లాడు అడిగాడు, ఇవి నిజంగా అడవి కోతులేనా అని.
"పుట్టుక నుంచీ అడవివే బాబూ."
నేను నీళ్లకేసి చూశాను.

పదకొండేళ్ల కిందట
ఇదే పాయలో, ఇంతకన్నా పెద్ద పడవలో
ఇనప బోనుల మీద కొబ్బరాకులు కప్పి
తెచ్చి వదిలినవాణ్ణి నేనే. పంచాయతీ గుమాస్తాని.
అప్పుడవి ఊరి కోతులు.
పెంకులు పీకేవి, పప్పుల డబ్బా మూత తిప్పి మరీ తీసేవి,
సూరపరాజు హోటల్లో ఆవిరి పోకముందే
ఇడ్లీలు ఎత్తుకుపోయి, చేతులు కాలి, మా మీద అరిచేవి.
కోతికి ఆరువందల చొప్పున పట్టేవాడితో బేరం.
బోనుల్లో ముప్పై ఒకటి.
బిల్లులో నలభై మూడు.

ఆ పన్నెండూ ఏ తల్లికీ పుట్టలేదు.
నా దస్తూరీలో పుట్టాయి, నీలం సిరాతో,
ప్రెసిడెంటుగారి సంతకం కింద తోకలు ముడుచుకుని.
నా వాటాకి నాలుగొచ్చాయి.
మూడు కలిసి మా వసారాలో ఫ్యానయ్యాయి,
రెండో నంబరు మీద పెడితే ఇప్పటికీ కీచుమంటుంది.
నాలుగోది ఎటు పోయిందో గుర్తులేదు.
ఆడిట్ వచ్చింది, భోంచేసి వెళ్లింది.
మడల్లోకి దిగి కోతుల్ని ఎవడు లెక్కపెడతాడు?

"అదుగోండి."
ఊపిరివేళ్ల మధ్య ముందు ఒక చెయ్యి.
తర్వాత మోచేతుల దాకా బురదైన ముసలి ఆడకోతి.
బొరియ పక్కన కూర్చుంది,
బ్యాంకులో టోకెను పిలిచేదాకా కూర్చున్న మనిషిలా.
పీత డెక్క బయటపెట్టిందో లేదో
లాగి, వేరుకేసి రెండు దెబ్బలు కొట్టి, విరిచింది.
ఎవరు నేర్పారు దీనికి?
ఊళ్లో మరమరాలూ గుడి కొబ్బరిచిప్పా తప్ప ఎరగని జాతి.
పిల్లాడు బిస్కెట్టు విసిరాడు.
అది ఉప్పునీళ్లలో మెత్తబడి, విడిపోయి, మునిగింది.
ఒక్క కోతీ తల తిప్పలేదు.

లెక్కపెట్టాను, అలవాటుగా, వేళ్ల కణుపుల మీద.
బురదలో పద్నాలుగు. కొమ్మల్లో పదహారు.
పొట్టలకి కరుచుకున్న పిల్లలు ఏడు.
ఆ వంపు అవతల ఇంకో ఐదు.
నలభై రెండు.
మళ్లీ లెక్కపెట్టాను.
కళ్లజోడు తుడిచి మళ్లీ.
ఒక్కటి.
ఒక్కటి దొరికితే చాలు,
పదకొండేళ్ల తర్వాతైనా
ఆ కాగితం మీద నేను నిజమే రాసినట్టు.

నీళ్లు మళ్లీ ఎక్కుతున్నాయి.
ఊపిరివేళ్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి.
ముసలిది పీత చిప్ప నాకి పారేసి
వెనక్కి చూడకుండా ఆకుల్లోకి పోయింది.

కాశులు లంగరు లాగుతూ అడిగాడు:
"ఎన్నొచ్చాయండి మాస్టారూ?"
"నలభై రెండు."
"మిమ్మల్ని కలిపాండీ, కలపకుండానా?"

పడవంతా నవ్వింది. పిల్లాడు మరీ.
నేనూ నవ్వాను.
సంచిలో చక్కెరకేళి పండొకటి మిగిలిపోయింది,
వాటి కోసమని తెచ్చింది.
చొల్లంగి దాటాక
ఒలిచి తిన్నాను.