ఊరు: యాడికి

కిటికీలోంచి డబ్బా చాపి చెప్పినాడు:
పేరు కుళ్ళాయప్ప.
ఊరు?
యాడికి.
కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన నర్సు తలెత్తింది,
"నేనెక్కడికీ వెళ్ళట్లేదండీ, మీ ఊరు చెప్పండి."
"అదేమ్మా. యాడికి."
నేను నవ్వకుండా రాసుకున్నాను.

మే నెల. తాడిపత్రి ఆసుపత్రి వెనకగది.
ఫ్యాను వేయకూడదు, దీపం ఆరిపోతుంది.
పుల్లతో గళ్ల తీసి గాజుపలక మీద పూసి
ఎర్రరంగు పోసి కింద మంట చూపిస్తాను.
ఆవిరి లేవాల, పొంగకూడదు.
పాలు కాచేటప్పుడు మా అమ్మ అనే మాటే.
తర్వాత ఆమ్లం.
ఆమ్లం పడితే అన్నీ రంగు వదిలేస్తాయి,
ఉమ్మీ, కణాలూ, నోట్లో తిరిగే పేరులేని క్రిములూ.
ఇదొక్కటే వదలదు.
ఒంటికి మైనం పూసుకొని పుట్టింది.

నీలం బయల్లో ఎర్రకడ్డీలు.
వంగినవి, జంటగా పడుకున్నవి,
దువ్వెన నుంచి విరిగిన పళ్ళ మాదిరి.
లెక్కపెట్టడం నా ఉద్యోగం.

చదువుకునేటప్పుడు సారు చెప్పినాడు,
తెల్లకణాన్ని ఏమార్చేందుకు ఒక్కో క్రిమిదీ ఒక్కో ఎత్తు.
ఒకటి జారుడు దుప్పటి కప్పుకుంటుంది, పట్టు చిక్కదు.
ఒకటి మన నెత్తుటినే గడ్డకట్టించి చుట్టుకొని
మన చీరలోనే మన గడపలో నిలబడుతుంది.
క్షయ పారిపోదు.
నోరు తెరిచిన కణంలోకి తానే పోయి
మింగించుకుంటుంది.

మింగినదాన్ని కాల్చేందుకు కణంలో నిప్పులుంటాయి.
గూగూడులో పీర్లకు గుండం రగిలించినట్టే.
నిప్పు తొక్కి గట్టునపడే భక్తి దీనికి లేదు.
గుండం దగ్గరికి నిప్పులే రానివ్వదు.
ఆమ్లం నిండిన సంచి వచ్చి ఆనుకుంటుంది,
కలవదు, వెనక్కి పోతుంది.
ఇంక సిపాయి కడుపులోనే కాపురం.
చుట్టూ వేరే కణాలు చేరి గోడ కడతాయి.
కట్టినవి జైలనుకుంటాయి.
లోపలిది ఇల్లనుకొని పడుకుంటుంది,
ఏళ్ళకేళ్ళు.

కుళ్ళాయప్పది గ్రానైటు పాలిషింగు.
పద్దెనిమిదేళ్ళుగా అతని తెల్లకణాలు రాయి తింటున్నాయి.
రాయి అరగదు.
తిన్నది పగిలి చస్తుంది,
అదే రాతిపొడిని ఇంకొకటొచ్చి తింటుంది.
అట్లాంటి కాపలాను మోసం చేసేందుకు
పెద్ద తెలివి కూడా అక్కర్లేదు.

డబ్బా అందుకునేటప్పుడు చూసినాను,
కుడిచేతి చిటికెనవేలు సగమే ఉంది.
రెండేళ్ళ కిందటి రిజిస్టరు దించినాను.
వేలు ఇదే. పేరు సుంకన్న, ఊరు పుట్లూరు.
రెండు నెలలు మాత్రలు మింగినాడు,
దగ్గు తగ్గింది, మనిషి లేడు.
ఆశా కార్యకర్త ఎండలో వీధివీధీ తిరిగొచ్చి
ఆ పేరుతో అక్కడ ఇల్లే లేదనింది.

"సుంకన్నా" అని పిలిచినాను.
తిరిగినాడు. తిరిగినాక తెలిసొచ్చింది అతనికి.
"కంపెనీలో తెలిస్తే గేటు బయట నిలబెడ్తారమ్మా.
బాడుగిల్లాయప్ప గ్లాసు వేరుపెట్టె.
ఎవురి కండ్లా పడకుంటే చాలనుకుంటి."

తిట్టాలనే అనుకున్నాను.
సూక్ష్మదర్శిని చూపించి, చూడు అన్నాను.
మాస్కు పైకి లాక్కొని వంగినాడు,
ఎడమకన్ను మూయడం రాక అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
చానాసేపు.
"ఇన్నాళ్ళూ ఇవి నా తిండే తినెనా?"
"నీ లోపలే, నీ కాపలావాళ్ళ దగ్గరే."
ఏమీ అనలేదు. కంటినీళ్ళు కటకానికంటితే
పైటతో కాదు, దూదితో తుడిచినాను.

మూడు ప్లస్. ఎర్రపెన్నుతో రాసినాను.
అసలు పేరేదని అడిగితే చెప్పినాడు,
పైరెండూ కాదు.
పెన్సిలుతో రాసి, ఆలోచించి, పెన్నుతో దిద్దినాను.

మాత్రల సంచి చంకన పెట్టుకొని
గేటు దాటుతుంటే నర్సు కిటికీలోంచి అరిచింది,
వారంలోనే మా మాట పట్టుకుందీ పిల్ల:
"యాడికి?"
"యాడికే" అన్నాడు.
దగ్గు అడ్డమొచ్చి
మిగతాది వినపడలేదు.