ఆరు నీలి డ్రమ్ములు

డ్రమ్ములకు ఇంకా సబ్బుమందు వాసన.
సెంట్రింగు పలకలు, పైపు చుక్కాని,
మూలకు పడ్డ జనరేటర్ ఇంజను.
ఆరు శుక్రవారాలు పట్టింది నాకూ లస్మయ్యకూ.

ఉమ్ అల్ కువైన్ మడల్ల దించినం.
దగ్గింది, పొగ కక్కింది, కదిలింది.
లస్మయ్య చెప్పులు విడిచి చేతుల పట్టుకున్నడు.

కోస్ట్‌గార్డు బోటు పక్కకొచ్చింది.
రిజిస్ట్రేషన్? లేదు.
లైఫ్ జాకెట్లు? లేవు.
లైసెన్సు?
సైకిల్‌కు కూడా లేదు సార్.
ఓనరెవరు?

ఏడేండ్ల సంది మా కాయితాలన్నింట్ల
కఫీల్ పేరే.
ఇద్దరం ఒక్కసారే చెయ్యెత్తినం,
బళ్లె పిల్లగాండ్ల లెక్క.

ఫారంల 'పడవ రకం' అన్న గడి కాడ
ఆ పోరడు పెన్ను ఆపి
డ్రమ్ముల దిక్కు చానాసేపు చూసిండు.
రాయకుంటనే తాడు విసిరిండు.

లాక్కపోతుంటే లస్మయ్య నా చెవుల:
తేలుతనే ఉంది, చూసినవా?