రజను

ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక
దరియావలి మేస్త్రి లేత్ ఉండేది.
బోర్డు లేదు.
అడ్రసు అడిగితే
"చప్పుడు వినపడేదాకా రండి" అనేవాడు.

పదో తరగతి లెక్కల్లో తప్పి
నేను ఆ చప్పుడుదాకా వెళ్ళాను.
మొదటి ఏడాది మిషను ముట్టుకోనివ్వలేదు,
చీపురిచ్చాడు.
మే నెల రేకుల కింద బెజవాడ ఉడికిపోతుంటే
ఊడ్చిన రజను వేరుచెయ్యమనేవాడు.
ఇత్తడి ఈ డబ్బాలో, ఉక్కు ఆ డబ్బాలో,
పోత ఇనుము పొడి మూల నున్న పీపాలో.
చెత్తని కూడా పేరుపెట్టి పిలవడం
అప్పట్లో నాకు నామోషీగా ఉండేది.
నాతో చేరిన ఏసోబు
నాలుగో నెలకే ఆటో ఎక్కాడు,
బెంజి సర్కిల్లో కనపడితే
హారను కొట్టి మరీ పలకరించేవాడు.
వాణ్ణి చూసి కుళ్ళుకున్న మాట నిజం.

రెండో ఏడు, వినడం.
టూలు మొండిబారితే ఇనుము
ముందు గొంతు మారుస్తుంది
ఆ తర్వాతే రంగు.
"కంటికి కనపడేదాకా ఆగావా,
అప్పటికే ఆలస్యంరా అబ్బాయ్."
కళ్ళు మూసుకుని నిలబెట్టేవాడు.
పక్క షెడ్లో సుత్తి, అవతల వెల్డింగు చిటపట,
గేటు దగ్గర బస్సు, టీ కొట్టు రేడియో,
అన్నీ తీసేసుకుంటూ పోతే
అడుగున సన్నగా ఒక్క గీత.
అది దొరికిన రోజు ఎవరికీ చెప్పలేదు.
చెప్పినా ఏమని చెప్పను?

ఇక ఆ రాత్రి.
నున్న మార్కెట్లో మామిడికాయ లోడెక్కి
గేర్‌బాక్సు విరిగి ఆగిపోయిన లారీ.
షాఫ్టు నా చేతికిచ్చాడు, మొదటిసారి.
బేరింగు కూర్చునే చోట
రెండు పాయింట్లు ఎక్కువ కొరికేశాను.
రెండు పాయింట్లంటే
వెంట్రుకలో మూడో వంతు.
బిగిస్తే బిగుస్తుంది.
నందిగామ దాటుతుంది, సూర్యాపేటా దాటొచ్చు.
ఓనరు కుర్చీలో కునుకు తీస్తున్నాడు,
డ్రైవరు బల్లమీద ముసుగుతన్ని పడుకున్నాడు,
మూడు గంటలవేళ
నా కొలత చూసినవాడు లోకంలో లేడు.

మైక్రోమీటరు మేస్త్రి ముందు పెట్టాను.
ఒకసారి చూశాడు. తిట్టలేదు.
వెళ్ళి ఓనర్ని తట్టి లేపాడు.
"షాఫ్టు మా చేతిలో పాడైందండీ.
కొత్తది నా డబ్బుతో తెప్పిస్తా, మధ్యాహ్నమవుద్ది."
మా చేతిలో, అన్నాడు.
ఆ మాట దగ్గరే నేను ఇప్పటికీ ఆగిపోతాను.

ఓనరు నోటికొచ్చినవన్నీ అన్నాడు,
మెత్తబడ్డ కాయలకీ లెక్క కట్టాడు.
మేస్త్రి పద్నాలుగు నెలలు
వాయిదాల మీద తీర్చాడు.
నా జీతంలో రూపాయి కొయ్యలేదు.
రోజూ ఆరయ్యాక ఒక తుక్కు కడ్డీ ఇచ్చి
అదే కొలత, అదే చోటు, మళ్ళీ తియ్యమనేవాడు.
ఎన్ని కడ్డీలో నేను లెక్కపెట్టలేదు.
లెక్కల్లో తప్పినవాణ్ణి కదా.

కథైతే ఆ ఓనరు తిరిగొచ్చి
మేస్త్రి చేతులు పట్టుకోవాలి.
రాలేదు. ఊరంతా తిరిగి మమ్మల్ని తిట్టాడని విన్నాం.
వచ్చింది డ్రైవరు అంజిబాబు.
ఆ ఏడు ఇంకో లారీతో, మరుసటేడు మరోదానితో,
తన తోడల్లుడి టిప్పరుతో,
తోడల్లుడి ఊళ్ళో వాళ్ళ ట్రాక్టర్లతో.
పదకొండేళ్ళ తర్వాత
టీ ఊదుకుంటూ అన్నాడు:
"ఆ రాత్రి నేను నిద్రపోలేదులే."

ఇప్పుడు షెడ్డు నాది. బోర్డు పెట్టాను,
లోను కాయితాలకి అడిగారని.
మేస్త్రికి కంట్లో శుక్లాలు.
నాలుగింటికొచ్చి
అయిన పనిమీద బొటనవేలి గోరు నడిపి
"ఊ" అంటాడు. కొన్నిసార్లు అదీ అనడు.
అనని రోజు నాకు అన్నం సయించదు.

ఐటీఐ చదివిన కెజియా చేరి ఎనిమిది నెలలు.
"మిషను ఎప్పుడిస్తారన్నా?" అంది నిన్న.
పెద్దమాట ఏదో చెబుదామని నోరు తెరిచాను,
ఓపికనో, నిజాయితీ అనో.
ఆ మాటలు నా నోట్లో
ఎవరిదో కట్టుడు పన్నులా కదిలాయి.
ఊరుకుని పనిమీదికి వంగాను.

సగం కోతలో
తను ఊడ్చడం ఆపి
తల తిప్పింది మిషను వైపు.
టూలు గొంతు మారింది.
నేనింకా వినలేదు.