టోకెన్

షోరూంల సల్లగున్నది.
నవాజ్ అనే పిలగాడు బానెట్ లేపి చూపిండు:
"పెట్రోలుదొకటి, కరెంటుదొకటి సార్,
రెండూ మాట్లాడుకుంటయి."
మా తోటకాడ రెండు మోటర్లున్నయి,
ఒకటి నడిస్తే ఒకటి అలుగుతది.

లీటరుకు ఇరవై ఆరట.
గుర్రంపోడు నుంచి నల్లగొండ, మళ్ల వెనక్కి,
వేళ్ల మీద లెక్కేసిన.
దసరాకు తగ్గొచ్చన్నడు.
చాయ్ తెచ్చినాయన గూడ
"ముందటేడు అన్నీ కరెంటువే, ఆగుండ్రి" అన్నడు.

ఆగుడు నాకు తెల్వంది కాదు.
నిరుడు కత్తెర కాపు టన్ను పద్దెనిమిది వేలు పలికితే
ఇరవై రెండు కావాల్నని ఆగిన.
తొమ్మిది దినాలు.
పదోనాడు గాలిదుమారం,
బత్తాయి చెట్లకింద పచ్చటి పరుపు.
సైదమ్మ ఒక్కమాట అనలే.
గంప తెచ్చి ఏరుకుంట పోయింది.

మరి ఆగనోళ్లు?
కాలువ వచ్చేదాక ఓపిక లేక
మా పెద్దబాపు ఆరు బోర్లేసిండు.
ఆరింట్ల తెల్లటి దుమ్ము.

అద్దంల నుంచి నా పాత బండి కనవడుతున్నది.
సీటుకింద ఎండిన కాయొకటి
మలుపు మలుపుకు దొర్లుతది,
నాలుగేండ్లాయె, తియ్యలే.

"టోకెన్ రాయమంటరా సార్?"
జేబుల చెయ్యి పెట్టిన.
ఫోన్ మోగింది. సైదమ్మ:
"ఖరీదుదారొచ్చిండు, ఇరవై ఒకటంటుండు.
ఏమనాలె?"