నాటనివి

తెల్లారకముందే మిర్చియార్డు ఘాటు
గుంటూరు వీధుల్లోకి వచ్చేస్తుంది.
దగ్గుకుంటూనే బూట్లు సంచిలో వేసుకుంటాను.
ఇంట్లో తొడగను,
గచ్చంతా ఉప్పు పేరుకుంటుందని ఓనరు గారి బెంగ.
తెనాలి దాకా ఒక రైలు, రేపల్లె దాకా ఇంకోటి,
నిజాంపట్నం వైపు ఆటో,
ఆ పైన చెంచులయ్య పడవ.
నేను దిగేది
సముద్రం దారి మర్చిపోయిన చోట.

ఆఫీసులో నన్ను పంచాంగం మేడం అంటారు,
అమావాస్యకీ పున్నమికీ తప్ప క్యాంపు రాయదని.
నిజమే.
పాటు చూసుకోకుండా దిగినవాళ్లకి
బురదే నేర్పుతుంది తిథులు.

మొదటి ఏడాది నలభై వేల తెల్లమడ మొక్కలు.
తాడు పట్టి, వరస తప్పకుండా నాటాం.
కలెక్టరు గారు ఒకటి నాటారు, ఫొటో ఉంది.
బడిపిల్లలకి బిస్కెట్లు పంచాం.
వేసవికి నేల నెర్రెలిచ్చి తెల్లగా పొట్టు లేచింది.
మీటరు చూపిన అంకె నమ్మలేక
రెండుసార్లు కొట్టేసి రాశాను.
ఆగస్టుకి మిగిలినవి నూట పన్నెండు.
వాటిని మేకలు చూశాయి.

పీతల బుట్ట కడుక్కుంటూ చెంచులయ్య అన్నాడు:
"రొయ్యల చెరువులకి గట్లు లేసినకాణ్ణుంచి
ఈడికి పోటు రాదమ్మాయ్.
నువ్వడగలా, నేను చెప్పలా."

అప్పుడు మొక్కలు మానేసి కాలవలు తవ్వాం,
చేప ముల్లులా,
నడుమ వెన్ను, రెండు పక్కలా పక్కటెముకలు.
బెత్తెడు వాలు తేడా వస్తే నీళ్లు నిలిచి కుళ్లిపోతాయి.
లెవెలు పట్టి చూసింది నేను,
పాదంతో చూసింది చెంచులయ్య.
చెరోసారి తప్పాం.
రెండో కార్తీక పున్నమికి
నీళ్లు ఆఖరి ముల్లు దాకా వచ్చాయి,
వెంట చిక్కుడు గింజల్లాంటి మడ విత్తులు,
గుగ్గిలం, తిల్ల,
ఏ నర్సరీ బిల్లులోనూ లేనివి.

ఫారంలో గడులు ఎనిమిది.
నాటినవి, బతికినవి, చచ్చినవి, శాతం, ఖర్చు...
వాటంతటవి వచ్చినవాటికి గడి లేదు.
తొమ్మిదోది పెన్సిలుతో గీశాను.
టైపు చేసేవాళ్లు ప్రతి ఏడూ వదిలేశారు,
ప్రతి ఏడూ మళ్లీ గీశాను.

ఒక ఏడు ఉపగ్రహం అంతా పచ్చగా చూపించింది.
హైదరాబాదు నుంచి ఫోను, అభినందనలు.
వెళ్లి చూస్తే గట్ల మీద సర్కారు తుమ్మ.
నా మడ అప్పటికింకా మోకాటి ఎత్తు,
ఆకాశం కంటికి ఆనదు.

పది మీటర్ల చదరం, నాలుగు గూటాలు.
రెండు ఎవరి పొయ్యిలోకో పోయాయి,
ఒకటి తుపాను పట్టుకుపోయింది,
మిగిలినదాన్ని బట్టి మూడూ కొలిచి మళ్లీ పాతాం.
ఇరవై రెండేళ్లుగా అదే చదరం,
బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన
ఊపిరి వేళ్లు లెక్కపెట్టడం నా ఉద్యోగం.
"వేళ్లు లెక్కపెడితే జీతమిస్తారా" అని
మా అమ్మ తన చేతులు తిప్పి చూసుకునేది.

వచ్చే నెల నుంచి ఈ చదరం నస్రీన్‌ది.
కొత్త బూట్లతో వచ్చి,
పదడుగుల్లో ఒకటి బురదకి ఇచ్చేసింది.
చెంచులయ్యకి చూపు మందగించింది,
పడవలోనే కూర్చున్నాడు.
నేను చెప్తుంటే నస్రీన్ రాసుకుంది.
తను లెక్కపెడితే మూడు తక్కువొచ్చాయి.
"ఏది రాయమంటారు మేడం?"
"రెండూ రాయి."

కాగితం తిప్పి చూసింది.
"ఈ గీత ఎవరిది, చెరిపేయనా?"

ఇంతలో పోటు తిరిగింది.
చివరి గూటం మొదట్లో చిన్న సుడి,
దాని పక్కన ఒక గింజ ఆగి, కదిలి, మళ్లీ ఆగింది.
పడవలోంచి చెంచులయ్య దగ్గాడు,
ఇక రమ్మని.