కాజా

గురువారం తెల్లారకముందే బేలు కోస్తారు.
ప్లాస్టిక్ పట్టీ టప్పుమని తెగినప్పుడు
సంతంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది.
లోపలేముందో దేవుడికే తెలియాలి.
అప్పెంతుందో మాత్రం మాకు తెలుసు.

చచ్చిన తెల్లోడి బట్టలంటారు వీటిని, మా అక్రాలో.
బతికున్నవాళ్లు ఇన్ని చొక్కాలు వదిలేస్తారంటే
పెద్దవాళ్లకి నమ్మబుద్ధి కాలేదు మరి.

మంచివి ముందువరస కొట్లవాళ్లవి.
చంకల్లో పసుపెక్కినవి, కాఫీ ఒలికినవి,
ఎవరో పరిగెత్తిన పందెం పేరు అచ్చేసిన బనీన్లు,
జిప్పు పళ్లూడిన లాగులు, ఇవన్నీ నావి.
నేను ఏరుకోకపోతే మురుక్కాలవలోకి,
అక్కణ్నించి సముద్రంలోకి.
జేమ్స్‌టౌన్ ఒడ్డున ఇసకలోంచి
చొక్కాచెయ్యి ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది.
లాగితే రాదు.
అడుగున ఇంకెన్ని చేతులు దాన్ని పట్టుకుని ఉన్నాయో.

రెండుసార్లు ఉతుకుతాను. తరవాత విప్పడం.
కుట్టడం ఎవరికైనా వస్తుంది, విప్పడానికి ఓపిక కావాలి.
బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపుతుంటే
ఏ దేశంలోనో మిషను ముందు కూచున్న మనిషి
ఎక్కడ తొందరపడిందో తెలుస్తుంది,
ఎక్కడ దారం అయిపోయి మళ్లీ ఎక్కించిందో.
లేబులు మీద దేశం పేరుంటుంది,
ఆమె పేరుండదు.

కాలర్లన్నీ విడిగా, ఒక గోనెసంచిలో.
వాటితో మూడేళ్లుగా గోడంత తెర కుడుతున్నాను.
నూట నలభై మెడలయ్యాయి ఇప్పటికి.
సెఫాకోర్ చూసి, "వలలా ఉందే" అంది.
వాళ్ల నాన్న చేపలు పట్టేవాడు, దానికి అన్నీ వలలే.
నేను అలలనుకున్నాను.
చెప్పలేదు.

తెర ఎవరూ కొనరు. కూడు పెట్టేవి కార్డులు.
దళసరి కాగితం నడిమికి మడిచి
కర్రపెండలం గంజి పల్చగా రాసి
బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పేలికల్ని అణుస్తాను.
డెనిమ్ ముక్క పడవ, చారల పైజామా నీళ్లు,
నెత్తిన మూటతో ఒక మనిషి.
ఆ మనిషి ఎప్పుడూ సనాతే.
ఉత్తరాది నించి వచ్చింది, బేళ్లు మోస్తుంది,
యాభై అయిదు కిలోల కింద
మెడ తిప్పకుండా నవ్వడం దానికొక్కదానికే వచ్చు.
కార్డు చూపిస్తే మొహం ముడుచుకుంది:
"నా మూట ఇంత చిన్నదా?"
"బరువు తగ్గిద్దామని."
"కూలీ కూడా తగ్గిస్తారు. విప్పి పెద్దది కుట్టు."
విప్పాను.

పోయిన నెల ఒక గళ్లచొక్కా జేబులో చీటీ.
తడిసి, ఆరి, అప్పడంలా పెళుసెక్కింది.
పాలు, గుడ్లు, వంటింటికి బల్బు.
కింద, ఫోన్ చెయ్యాలి అని.
ఎవరికో తెలీదు, పేరుండాల్సిన చోట సిరా మరక.
జేబుని జేబులానే కోసి కార్డుకి కుట్టాను,
చీటీ లోపలే ఉంచి.
పాత కాజా పీలికలైంది. కొత్తది నేనే కుట్టాను,
పచ్చదారంతో, దగ్గర దగ్గరగా, పద్దెనిమిది కుట్లు.

టూరు బస్సు దిగి ఒకావిడ వచ్చింది. గ్లాస్గో అట.
కార్డులన్నీ తిరగేసి అదే చేతిలోకి తీసుకుంది.
"ఈ కాగితం తీసేస్తే ఇంకా శుభ్రంగా ఉంటుంది కదా?"
"దానికీ కలిపే ధర" అన్నాను.
గుండీ విప్పింది. చదివింది.
బస్సు హారన్ కొట్టింది, కదల్లేదు.
మళ్లీ మడిచి, లోపల పెట్టి, గుండీ పెట్టడానికి
చాలాసేపు పట్టింది.
కాజా బిగువు అనుకున్నాను.

బేరం ఆడలేదు. చిల్లర అడగలేదు.
ఇంత మూటై వచ్చిన చొక్కా
అరచేతిలో పట్టేంతై వచ్చిన దారినే పోతోంది.

రెండడుగులేసి వెనక్కి తిరిగి,
ఈ చొక్కా ఎవరిదని అడిగింది.
తెలీదన్నాను.
కాజా మాత్రం నాది, అన్నాను.