సీసాడు గోదారి

నరసాపురం రేవులో పంటు ఎక్కాక
సూట్‌కేసులకి విమానం చీటీలు ఇంకా వేలాడుతుంటే
టిక్కెట్లు కోసే కుర్రాడు అడిగాడు:
"మాల్దీవులంట కదండీ, ఏం చూశారేంటి?"
కొబ్బరిచెట్లు చూశామండి, అన్నాను.
పంటంతా నవ్వింది.

నిజమే మరి.
ముప్పై ఎనిమిదేళ్ళు చెట్లెక్కి దింపు తీసిన మా మావయ్య
కూతురు పంపిన టిక్కెట్టు మీద సముద్రం దాటెళ్ళి
మొట్టమొదట చేసిన పని, మెడెత్తి గెలలు లెక్కపెట్టడం.
"మొవ్వులో కొమ్ముపురుగు పడింది, చూసుకోరా ఈళ్ళు?"
అప్పటికి ధనకుమారి ఆయన కాళ్ళకి దణ్ణం పెడుతోంది.

ఆ దీవి ఎంతనుకున్నారు,
పుల్ల ఐసు కరిగేలోగా మా బుడ్డోడు చుట్టి వచ్చేశాడు.
ఎటు తిరిగినా ఉప్పే.
మంచినీళ్ళు మిషన్లోంచి వస్తాయి,
స్నానం చేస్తే ఒంటికి ఏ వాసనా అంటదు.

మా ఆడపడుచు అక్కడ ఐదో తరగతికి సోషల్ టీచరు.
బోర్డు మీద నీలం సుద్దతో రెండు గీతలు గీసి
ఇదీ ఏరు, అందంట.
వెనక బెంచీ పిల్ల లేచి,
"నీళ్ళకి అవతలి ఒడ్డు ఎందుకు మిస్?"

మర్నాడు నాన్నని క్లాసుకి తీసుకెళ్ళింది.
మావయ్యకి తెలుగు తప్ప రాదు. చేతులున్నాయి.
మోకు ఒరుసుకుని కాయలు కాసిన చేతులు
మోకాలి దగ్గర మొదలెట్టి
మెడ దాకా వరద తెచ్చాయి,
అరటితోటని ముంచాయి.
ఎర్రనీళ్ళకి సైగ దొరక్క
గుమ్మం దగ్గర ఇటుక మీద గోరుతో గీకి చూపించాడు.
అవతలి ఒడ్డుకి మాత్రం
నోటికి చెయ్యి అడ్డంపెట్టి "ఓ...య్" అని కేకేసి
చెవి ఒగ్గి నిలబడ్డాడు,
ఎవరో పలుకుతారన్నట్టు.

ముప్పై మంది పిల్లలు పలికారు.
ధనకుమారి చేతిలో డస్టరు కింద పడింది.

ఇప్పుడు పంటు నడిమి ఏట్లో ఉంది.
విమానంలో ఇచ్చిన ఖాళీ సీసా తీసి
గొలుసు పట్టుకుని వంగి, మావయ్య గోదారిని ముంచాడు.
ఆ పిల్లలకి పంపాలంట.
"పోస్టులో తీసుకోరు మావయ్యా,
తీసుకున్నా అక్కడికెళ్ళేసరికి మట్టి తేరిపోద్ది,
ఒట్టి నీళ్ళే."
మూత బిగించి సీసాని గట్టిగా ఓసారి ఊపాడు.
"ఊపుకుని చూడమని చీటీ రాయి."

సఖినేటిపల్లి గట్టుకి పంటు గుద్దుకుంది.
ఎవరి బండో స్టార్టయింది, ఎవరి బుట్టలోవో కోళ్ళు అరిచాయి.
చీటీ ఏ భాషలో రాయాలో
నేనింకా అడగలేదు.